ఎడంపక్క సీటు

ఆ రోజు ఎవరితోనూ పోట్లాడకూడదని ఒట్టు పెట్టుకునే ఇంట్లోంచి బయల్దేరాను. సముద్రపు పాయకి అవతలున్న బంబూఫ్లాట్‌లో మా తమ్ముడు మల్లేశు పెళ్ళి. పెళ్ళికొడుకుని ఊరేగించడానికి మా ఆయన కారు కావాలని కబురు పెట్టారు. ఆ కారుకి రెండే సీట్లు. ఒకదాంట్లో మా ఆయన అప్పలరాముడు కూర్చున్నాడు. రెండోదాంట్లో పెళ్ళికి పట్టుకెళ్ళే అరటిగెల కూర్చుంది. నేనూ, మా అత్త యర్రమ్మా బస్సెక్కాం.

గెలకి ఎండ తగలకుండా తువ్వాలు కూడా కప్పాడు మహానుభావుడు.

ఆ కారు సంగతి కొంత చెప్పాలి. అది కొన్నది కాదు, కట్టింది. ప్రోతరాపూర్‌లో మా ఇంటి వెనక షెడ్డులో ఫైబర్ డుంగీలు చేయడం అప్పలరాముడి పని. వేటకెళ్ళే ఆ చిన్న పడవలకి ఒళ్ళు పోసే ఫైబరుతోనే, తుక్కుకి పోతున్న ఒక పాత టాక్సీ చట్రం మీద స్పోర్ట్స్ కారు పోశాడు. ఎవరో ఓడ ఇంజనీరు వదిలేసి పోయిన విదేశీ క్యాలెండరులో దాని బొమ్మ ఉండేది. పొడుగాటి ముక్కు, గుండ్రటి దీపాలు, పైకప్పు లేదు. యాభై ఏళ్ళ కిందటి కారట. అసలుది మా దీవులకి ఎప్పటికీ రాదు కాబట్టి నకలైనా చేసి తీరతానని పట్టుపట్టాడు.

చేశాడు కూడా, కాదనను. బొమ్మలో ఉన్నట్టు చేసి ఊరుకుంటే అది క్యాలెండరు వాళ్ళ కారవుతుంది కానీ తనది కాదనేవాడు. అందుకని స్టీరింగు చక్రం మా దీవుల్లో దొరికే ఎర్రటి పడాక్ చెక్కతో చెక్కి, కొబ్బరినూనె పట్టించి అద్దంలా చేశాడు. ముందు పలకలో పాత పడవ దిక్సూచి బిగించాడు. రంగు మా వేటపడవల ఎరుపు, నడుమున పసుపు పట్టీ. వెనక బంపరు అందం చెడగొడుతోందని పీకేశాడు. హ్యాండ్‌బ్రేకుకి చేప ఆకారంలో చెక్క పిడి వేశాడు. చూడ్డానికి బాగుండేది, పట్టడమే సరిగా పట్టేది కాదు. రేపు బిగిస్తానంటూ ఏడాది గడిపాడు.

సీట్లు మాత్రం నేను కుట్టాను. ఎర్ర రెక్సిను, వల అల్లే నైలాను దారం, గోనెసంచుల సూది. వేళ్ళు బొబ్బలెక్కాయి. కుడిపక్కది మామూలుగా కుట్టి, ఎడంపక్కది దగ్గరదగ్గర కుట్లతో కుట్టాను. అందులో నేను కూర్చుంటాను కదా అని.

కూర్చోలేదు. బండి మొదటిసారి స్టార్టు చేసే రోజు మా అత్త పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ముక్కుకి రెండు వైపులా కళ్ళు దిద్దింది. కొత్త పడవని నీళ్ళలో దించేటప్పుడు మావాళ్ళు అలాగే చేస్తారు. గంగమ్మతల్లికి అప్పగించాక దాంట్లో ఆడవాళ్ళు కాలు పెట్టకూడదు. పడవకున్న కట్టుబాటే దీనికీ అంది అత్త. మా ఆయన తల ఊపాడు. అంతే, అయిపోయింది.

సాయంత్రాలు లంబాలైన్ దాకా వెళ్ళి, రోడ్డు పక్కన బండి ఆపుకుని దర్జాగా నిలబడేవాడు. జనం మూగేవారు. ఇది క్లచ్చు, నడిమిది బ్రేకు, ఆ చివరది యాక్సిలరేటరు అని అందరికీ చూపించేవాడు. మా షెడ్డుకొచ్చిన వాళ్ళకీ అదే పాఠం. టీ గ్లాసులు పట్టుకుని పక్కన నిలబడి ఆ పాఠం నేనెన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఒకసారి బజారుకి వెళ్తూ బస్సు కిటికీలోంచి చూశాను. ముక్కూమొహం తెలియనివాడు ఎవడో నా సీట్లో కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. ఆ రోజు నాకు కడుపు మండిపోయింది. ఇంటికొచ్చి వంట చేయలేదు.

పెళ్ళి రోజుకి తిరిగొస్తాను. చాథం జెట్టీ దగ్గర బస్సు దిగి, మేం నడిచి ఫెర్రీ ఎక్కాం. బళ్ళనీ మనుషులనీ కలిపి అవతలికి దాటించే ఫెర్రీ అది. అన్నిటికంటే చివర ఎక్కింది మా కారు. దిగేటప్పుడు అందరికంటే ముందుండాలని, అందరికీ కనబడాలని, రివర్సులో ఎక్కించి ముక్కు అంచు వైపు పెట్టాడు. అంచుకి అడ్డంగా ఒక గొలుసు. దాని అవతల నీళ్ళే.

ఫెర్రీలో పనిచేసే ముసలి ఖలాసీ ఒకడు చక్రాల కింద పెట్టడానికి రెండు చెక్కదిమ్మలు పట్టుకొచ్చాడు. "భయ్యా, పహియే కే నీచే లగానా పడేగా."

"నహీ భయ్యా, చక్రాల పెయింటు ఖరాబ్ హో జాయేగా. తాడు నేను కడతాను గదా. పుట్టిన కాడి నుంచీ తాల్లు కడతన్నోన్నే" అన్నాడు అప్పలరాముడు. ఖలాసీ ఆ దిమ్మలు పట్టుకెళ్ళి అవతలి చివర లారీ కింద పెట్టాడు.

మా ఆయన కారు తోకకి బిగించిన ఇత్తడి రింగుకి తాడు కట్టి, రెండో కొస డెక్కు మీది కొక్కేనికి కట్టాడు. ముడి బాగానే వేశాడు. కానీ పడవని కట్టినట్టు కట్టాడు. పడవని ఎవరూ బిగించి కట్టరు. పోటుకి లేవాలి, పాటుకి దిగాలి కాబట్టి తాడుకి వదులిస్తారు. చిన్నప్పటినుంచీ అలవాటైన చెయ్యి, ఆలోచించకుండా రెండు బారల వదులిచ్చింది. పడవ ఇంజను న్యూట్రల్లోనే ఆపుతారు కాబట్టి గేరు కూడా న్యూట్రల్లోనే ఉంచాడు. ఆ చేప పిడి పైకి లాగి, పైనుంచి చూస్తే కారెలా ఉంటుందో చూడాలని ఫెర్రీ మెట్లెక్కి వెళ్ళాడు.

నేను కారు పక్కకి, స్టీరింగు వైపు వెళ్ళి నిలబడ్డాను. వెళ్ళేముందు చెప్పులు విప్పేశాను. దాని దగ్గరికి చెప్పులతో పోవడం కూడా ఇంట్లో తప్పే. తలుపు మీద చెయ్యి వేసుకుని అరటిగెలని చూస్తున్నాను. దాని మీద నాకు నిజంగానే కోపం వచ్చింది.

ఫెర్రీ సగం దూరం వచ్చాక, హాడో రేవు వైపు వెళ్తూ పెద్ద ఓడ ఒకటి మా పక్కనుంచి పోయింది. దాని వెనక వచ్చిన మొదటి అల ఫెర్రీ అవతలి చివరని పైకెత్తింది. డెక్కు మా అంచు వైపు వంగింది. నా చేతికింద కారు కదిలింది.

మొదట నేను కదిలాననుకున్నాను. తర్వాత చక్రం చూశాను. తిరుగుతోంది. కారు నెమ్మదిగా అంచు వైపు పోతోంది. చుట్టూ నిలబడ్డవాళ్ళు కేకలేస్తూ పక్కకి దూకారు. ఇద్దరు ముగ్గురు వెనకనుంచి పట్టుకోబోయారు. బంపరు లేదు, ఒళ్ళంతా పాలిష్. వాళ్ళ చేతులు జారిపోయాయి. రెండు బారల వదులూ అయిపోయి తాడు బిగిసింది. ఫట్‌మని చప్పుడు. ఇత్తడి రింగు అరచేతంత ఫైబరుముక్కతో సహా ఊడి డెక్కు మీద పడింది.

నేను తలుపు మీదనుంచి లోపలికి దూకాను. ఎలా దూకానో నాకు తెలియదు. పట్టుచీర చిరిగిన చప్పుడు మాత్రం వినబడింది. క్లచ్చు, నడిమిది బ్రేకు. నడిమిదాన్ని రెండు కాళ్ళతో తొక్కాను. కారు ముక్కు గొలుసుకి తగిలి ఆగింది. గొలుసు సాగి, దాన్ని కట్టిన గుంజ కిర్రుమంది. అరటిగెల జారి నా మోకాలి మీద పడింది. నా ఎదురుగా నీళ్ళు పైకొచ్చి కిందికి పోతున్నాయి.

భయం వేసింది. చాలా భయం వేసింది.

"దీదీ, పైర్ మత్ హటానా! లకడీ లా రహా హూఁ!" అని ఖలాసీ దిమ్మల కోసం అవతలి చివరికి పరిగెత్తాడు.

మా ఆయన మెట్ల మీదనుంచి దూకుతూ వచ్చాడు. తలుపు పట్టుకుని వంగాడు.

"ఒలే అమ్మడూ, కాలు తియ్యకే! నీకు దండమెడతాను, ఆ కాలు తియ్యకే!"

ఆ మాట వినగానే నా భయం ఎటు పోయిందో పోయింది. ఒట్టు కూడా పోయింది.

"ఏ కాలు మావా? ఆడకాలేనా?" అన్నాను.

"ఇప్పుడేటే ఆ మాటలు!"

"ఇప్పుడే. కాలెట్టకు, కాలెట్టకు అని ఇన్నాల్లూ చంపేసినావు. పడవన్నావు. పడవైతే నీల్లలోకెల్తే ఏటయిపోద్ది? తేల్తాది. కాలు తీసేత్తాను, తేల్తాదేమో సూద్దాం."

"నువ్వూ పోతావే!"

"పోతాను. సెప్పు, ఇది పడవా, కారా?"

అతను నా మొహం చూడలేదు. తలెత్తి, గుంపు ముందు నిలబడ్డ తల్లికేసి చూశాడు. అప్పుడు కూడా. నా కాలికింద పెడలు మెల్లమెల్లగా కుంగుతోంది. ఎంత గట్టిగా తొక్కినా ఇంకా కొంచెం దిగుతూనే ఉంది. ఆ సంగతి అతనికి చెప్పాలనిపించలేదు.

"అటు కాదు మావా. నన్ను సూసి సెప్పు."

ఓడ వెనకటి రెండో అల దూరంగా కనబడుతోంది. నిజంగా కాలు తీసేదానివా అని తర్వాత చాలామంది అడిగారు. ఎవరికీ సమాధానం చెప్పలేదు.

"కారేరా ఎదవా!" అని అరిచింది మా అత్త. ఆవిడ గొంతు ఫెర్రీ అంతా వినబడింది. "కారని సెప్పెహె! నా కోడలు పోతన్నాదిరా! కారే!"

"కారే" అన్నాడు అప్పలరాముడు. ఈసారి నన్నే చూశాడు. "కారే అమ్మడూ. కారే."

"అయితే ఇను. బ్రేకు కుంగిపోతంది. అడుగుకొచ్చేసింది."

అతను వంగి పెడలుకేసి చూశాడు. "ఒక్కపాలి కాలెత్తాల. ఎత్తి ఎంటనే మల్లీ గట్టిగా తొక్కాల. అప్పుడు పట్టుద్ది. బెంగెట్టుకోకు, నేనున్నాను. అల రాకముందే. ఇప్పుడే. ఎత్తు!"

ఎత్తాను. కారు ముందుకు తూలింది. గొలుసు మూలిగింది. తొక్కాను. మళ్ళీ ఎత్తి మళ్ళీ తొక్కాను. పెడలు గట్టిపడింది. అల వచ్చి ఫెర్రీని ఎత్తి పడేసింది. నేను స్టీరింగు చక్రాన్ని కావలించుకుని అలాగే ఉండిపోయాను. కారు కదల్లేదు. ఖలాసీ రొప్పుకుంటూ వచ్చి వెనక చక్రాల ముందు దిమ్మలు కొట్టాడు. పెయింటు పెచ్చులూడిన చప్పుడు అందరికీ వినబడింది. మా ఆయన అటు తిరిగి కూడా చూడలేదు.

బంబూఫ్లాట్ జెట్టీ వచ్చేదాకా నేను కాలు తీయలేదు. తీయమని ఎవరూ అనలేదు. ఫెర్రీ ఆగాక, అరటిగెలని ఒళ్ళోకి తీసుకుని, గేరు రాడ్డు దాటి ఎడంపక్కకి జరిగాను. కుట్లు నేననుకున్నంత మెత్తగా లేవు, వీపుకి గుచ్చుకున్నాయి. అప్పలరాముడు స్టీరింగు ముందు కూర్చుని, స్టార్టు చేయకుండా, తల్లి ఏమంటుందోనని బిగుసుకుపోయి ఉన్నాడు.

యర్రమ్మ నా తలుపు దగ్గరికి వచ్చింది. నేను విప్పేసిన చెప్పులు ఆవిడ చేతిలో ఉన్నాయి. చిరిగిన నా చీర చూసింది. నా కాళ్ళకేసి చూసింది.

"పుట్టింటికి సెప్పుల్లేకుండా దిగుతావేటే?" అని, తనే వంగి ఆ చెప్పులు కారులో నా కాళ్ళ దగ్గర పెట్టింది. నా ఒళ్ళోంచి అరటిగెల లాక్కుని, తువ్వాలు చుట్ట చుట్టి తల మీద వేసుకుని, గెలని దాని మీదకి ఎత్తుకుంది. నలభై ఏళ్ళు చేపల గంపలు మోసిన తల అది.

"నడుపెహె, ముహూర్తం దాటిపోద్ది" అని కొడుకుని కసిరి, బస్సుకేసి నడిచింది.