ఆంజినమ్మ ముందర పడుకున్న టెంకాయ

పొద్దున్నే ఇంత సంగటి తిని, టెంకాయ తీసుకుని నల్లప్ప ఇల్లు వదిలేవాడు. ఊర్లోకి బోరు లారీలింకా రాని డెబ్బైలలో, రాయదుర్గం చుట్టుపక్కల ఎవరు బావి తవ్వించినా నీళ్లు చూసేది ఆయనే. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేన్లో నడుస్తాంటే, అడుగున నీళ్లుండే తావులో అది నిటారుగా లేచి నిలబడేది. బండ ఉంటే పడుకునేది. కడుపుతో ఉండే ఆడది ఎదురొచ్చినా లేచేది. బిడ్డ ఉండేది నీళ్లలోనే కదా! అందుకే నెల తప్పిన కొత్త కోడళ్లంతా సిగ్గుపడుకుంటా ముందు నల్లప్ప ఇంటికే వచ్చేవాళ్లు. ఎంత ముచ్చటగా ఉండేవో ఆ పొద్దులు.

అట్లాంటి ఇంట్లో కోడలికే బిడ్డల్లేరు. ఆంజినమ్మకు పెండ్లయి చానా ఏండ్లయింది. ముట్టయితే గుడ్డలు చాలేవి కావు, మనిషి పాలిపోయి తూలేది. "కొందరికంతేలే" అనేది అత్త తిమ్మమ్మ. ఒక ఎండాకాలం ఆంజినమ్మ పొట్ట ఎత్తొచ్చింది. తిమ్మమ్మ సంబరం చూడాల! ముట్టు ఆగలేదత్తా అని కోడలు మొత్తుకున్నా వింటేగా. పచ్చగాజులు కొనింది, వీధంతా చాటింది.

"గాజులు తొడగాల. ఏమయ్యా, టెంకాయ తీ" అనింది మొగునితో.

నల్లప్ప నడింట్లో చెయ్యి చాపినాడు. కోడలు ముందరికొచ్చి నిలబడింది. టెంకాయ కదల్లేదు. ఇంకోటి తెచ్చినారు. అదీ పడుకునే ఉండాది.

"నీళ్లు లేవు. బండ ఉండాది" అన్నాడు నల్లప్ప.

"నీ నోట్లో మన్ను బడ!" అని తిమ్మమ్మ బోరుమనింది. టెంకాయను మాత్రం ఎవరూ తప్పుపట్టలేదు. మరుసటి పొద్దున్నే కొడుకు బాలప్ప పెండ్లాన్ని అనంతపురం బస్సెక్కించినాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసింది. "గర్భసంచి గోడలో పెరిగిన గడ్డమ్మా ఇది. చాలామంది ఆడవాళ్లకు వస్తుంది. నీ పాపమూ కాదు, ఎవరి శాపమూ కాదు. అంత రక్తం పోయేది దీనివల్లే. ముందు రక్తం ఎక్కించి, తర్వాత ఆపరేషన్ చేస్తాం. సంచి మొత్తం తీసేస్తే మళ్లీ ఈ బాధ ఉండదు. గడ్డ మటుకే తీస్తే ఇంకోటి పెరగొచ్చు."

"బిడ్డ?" అనింది ఆంజినమ్మ.

"సంచి ఉంటే ఆశ ఉంటుంది. మాట మాత్రం ఇవ్వలేను."

"నువ్వు బతికుంటే నాకు చాలు. తీసేయించుకో" అన్నాడు బాలప్ప. ఆయన కండ్లు తడిసినాయి.

ఆంజినమ్మ మొగుని చెయ్యి గట్టిగా పట్టుకునింది. "బండ తగిలిందని బావి పూడుస్తారా? గడ్డ తీయండి డాక్టరమ్మా, సంచి ఉండనీండి."

ఆపరేషనయి ఇంటికి తిరిగొచ్చినాక ఆమె ముఖానికి రంగొచ్చింది. చేన్లో శెనిక్కాయ కట్టె పీకేకాడ ఎవరికీ తీసిపోలేదు. కానీ నల్లప్ప కోడలి ముందర టెంకాయ బయటికి తీసేవాడు కాదు. పడుకునే టెంకాయను చూసి పిల్ల ఎంత కుమిలిపోతుందోనని తువ్వాల్లో చుట్టుకుని పోయేవాడు. తిమ్మమ్మ పచ్చగాజులను గూట్లో దాచింది, ఎవరికీ ఇయ్యలేదు.

వానల్లేని ఇంకో ఏడు, బావికి తావు చూడను రమ్మని పక్కూరి ఎర్రన్న వచ్చి వాకిట్లో కూర్చున్నాడు. నల్లప్ప తువ్వాలు చేతబట్టుకుని లేచినాడు.

"మజ్జిగ తాగి పో మామా" అని ఆంజినమ్మ చెంబు తెచ్చింది.

తువ్వాల్లో ఏదో మెదిలింది. నల్లప్ప ముడి విప్పినాడు. టెంకాయ అరచేతిలో లేచి నిలబడింది. ఆంజినమ్మ దాన్ని చూసింది, మామను చూసింది. చెంబు జారి మజ్జిగంతా వాకిట్లో పారింది. గూట్లో గాజులకోసం తిమ్మమ్మ అప్పటికే తడుముకుంటాంది.

"ఈపొద్దు రాలేనప్పా ఎర్రన్నా" అన్నాడు నల్లప్ప. "మా ఇంట్లోనే నీళ్లు పడినాయి."