తెర వెనక కుర్చీ

విదేశంలో చదువుకొచ్చిన మేడమ్ ఎదురుగా కూర్చుంటే పిల్లలు ఆవిడకు నచ్చే మాటలే వల్లిస్తారు. అందుకే, విదేశీ చదువులకు వెళ్లకుండా పిల్లలకు అడ్డొచ్చేదేమిటో ఆరా తీసే ఈ పరిశోధకురాలు ఒక పద్ధతి పెట్టుకుంది. ప్రశ్నలు సహాయకురాలు అడుగుతుంది, తను తెర వెనక కూర్చుని వింటుంది. తెర వెనక ఒకరున్నారని పిల్లలకు ముందే చెబుతారు, ఎవరో మాత్రం చెప్పరు. ఈ ఏర్పాటుకు తన భుజాలు తనే చరుచుకుంది కూడా.

ఆ రోజు పొరుగూళ్లో మీటింగని ఇంట్లో చెప్పి బయల్దేరింది. అది కాస్తా రద్దయితే తిన్నగా వచ్చి తెర వెనక చేరింది. విదేశంలో సీటొచ్చినా వెళ్లనన్నవాళ్లతో ముచ్చట ఆ పూట. ఒకరు వీసా అన్నారు, ఒకరు భాష అన్నారు. అన్నీ విని విని అరిగిపోయినవే. ఆవలింత ఆపుకుంటూ ఉండగా మరో గొంతు వినబడింది.

"నాకు అడ్డం మా అక్కేనండీ. తను ఊళ్లో లేదు కాబట్టే ఇవాళ వచ్చాను."

పరిశోధకురాలు కుర్చీ అంచుకు జరిగింది. అది సొంత చెల్లెలి గొంతు. చేరతానని రేపటిలోగా చెప్పకపోతే విదేశంలో వచ్చిన సీటు చేజారిపోతుందని తెలిసీ, "ఇష్టం లేదక్కా" అన్న ఒక్క మాటతో ఇంటిల్లిపాది నోరూ మూయించిన చెల్లెలు.

"వెళ్లొద్దందా?" అని అడిగింది సహాయకురాలు.

"వెళ్లమని చెవిలో జోరీగలా పోరుతుంది. ధైర్యం వస్తుంది, లోకం తెలుస్తుంది అంటుంది. తను అక్కడున్నప్పుడు మాత్రం నాకు ఫోన్ చేసి, 'కట్ చేయకే, నీ పని నువ్వు చేసుకో' అనేది. నేను గిన్నెలు తోముతుంటే ఆ చప్పుడు వింటూ ఏడ్చేది. అమ్మకి చెప్పొద్దని ఒట్టేయించుకుంది. తిరిగొచ్చాక ఆ ఊసే లేదు. రేపు నాకు ఏడుపొస్తే ఎవరికి చేయాలి? అక్క ఫోనెత్తి లాభాలు చెబుతుంది."

గదిలో ఎవరో నవ్వారు. తెర వెనక మనిషి చేతిలో పెన్ను పక్కన పెట్టింది. ఆ ఏడుపు సంగతి తను నిజంగానే మరిచిపోయింది. అంత శుభ్రంగా ఎలా మరిచిపోయిందో తలుచుకుంటే భయమేసింది. ఊరందరి అడ్డంకులూ ఏరుకొచ్చిన మహాతల్లికి ఇంట్లోది చెవిన పడలేదు. సిగ్గుతో చచ్చినంత పనైంది.

తెర వెనకనుంచి మాట వినబడకూడదన్నది తను పెట్టిన నియమమే. అందుకే పిలవకుండా చెల్లెలికి ఫోన్ చేసింది.

తెరకు అటువైపు ఫోన్ మోగింది. "చెప్పక్కా." ఇటునుంచి వెక్కిళ్లే. చెల్లెలికి ఇది పాత అలవాటే కదా. "సరేలే, కట్ చేయను," అంటూ ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. అంతలో అటువైపు కుర్చీ కీచుమంది. ఏడుపు ఫోన్లోంచే కాదు, గదిలోంచి కూడా వస్తోందని చెల్లెలికి తెలిసిపోయింది.

అక్క తెర లాగేసింది. చెల్లెలు అప్పటికే లేచి నిలబడి ఉంది.

"వెళ్లవే," అంది అక్క, ముక్కు తుడుచుకుంటూ. "ఈసారి గిన్నెలు నేను తోముతాను."