నోరులేని ఖాతా

డబ్బు ఎక్కడ దాస్తావని అడిగేది ఇద్దరే: దొంగ, అత్తగారు. ఈ పిల్ల ఎవరో కోడలికి అంతుబట్టలేదు. చేతిలో కత్తెర కింద పెట్టకుండానే ఎగాదిగా చూసింది.

బ్యాంకు నుంచి వచ్చిందట. చిన్న సంపాదనల వాళ్ళకు ఎలాంటి ఖాతా పనికొస్తుందో వాళ్ళనే అడిగి తయారుచేస్తారట.

"నువ్వెలా దాస్తావో చెబితే దానికి తగ్గట్టు చేస్తాం అక్కా."

"దాచడానికేముంది? వచ్చింది వచ్చినట్టు దారాలకే పోతుంది."

అబద్ధం. అద్దె కుట్టుమిషను తిరిగిచ్చేసి సొంతది కొనాలని కోడలు కొంత వెనకేసింది. అత్తగారి కంటపడితే అది తెల్లారేసరికి మరిది జేబులో ఉంటుంది. పోయినేడు అలాగే పోయింది. తెర అవతల ఆవిడ చీపురు చప్పుడు వినిపిస్తూనే ఉంది.

పిల్ల ఫోను ముందుకు జరిపింది. "చదవడం రానివాళ్ళ కోసం దీనికి గొంతు పెట్టాం."

నమూనా చూపడానికి నొక్కగానే ఫోను వీధంతా వినేలా పలికింది. "మీ ఖాతాలో ఐదు వేలు ఉన్నాయి."

చీపురు ఆగింది.

"ఎవరివే ఐదు వేలు?"

"ఎవరివీ కావత్తయ్యా. ఉత్తుత్తివి. ఫోను వాగుతోంది." కోడలు గొంతు తగ్గించింది. "గోడలకు చెవులుంటాయంటారు. మీరు నోరు కూడా పెట్టారా తల్లీ?"

పిల్ల ముఖం చిన్నబోయింది. "మాకెవరికీ తట్టలేదక్కా. గొంతు తీసేస్తే చేరతావా?"

"చూద్దాంలే."

ఇక వెళ్ళిరమ్మని దానర్థం.

వాకిట్లో అత్తగారు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆపింది. కోడలు తెర చాటున చెవి రిక్కించింది. గుసగుసల్లో ఒక్క ముక్కే అందింది. "నోరులేనిదైతే నాకూ ఒకటి..."

అంటే అత్తకూ మూట ఉందన్నమాట. ఎవరి సొమ్ము? పోయినేడు పోయిందంతా నిజంగా మరిది జేబులోకే చేరిందా?

ఆవిడ పెరట్లోకి వెళ్ళగానే కోడలు వీధి మలుపు దాకా పరుగెత్తింది.

"మా అత్తయ్య ఏమడిగింది?"

"అది చెప్పకూడదక్కా."

"ఇంట్లోదాన్ని, నాకేం దాపరికం?"

"నువ్వేం చెప్పావని ఆవిడా అడిగింది. ఆవిడకీ చెప్పలేదు."

కోడలు ఆ పిల్ల కళ్ళలోకి తేరిపార చూసింది. కోపం రావలసింది, రాలేదు.

"రేపు ఆవిడ బయటికెళ్ళాక రా. ఎక్కడ దాస్తానో చెబుతా," అంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "చెబుతానంతే. చూపించను."