ఎదురుకాళ్ల హేమావతి

ధర్మవరం నేతగాళ్ల వీధిలో హేమావతికి వచ్చిన పేరు చేతుల వల్ల రాలేదు, కాళ్ల వల్ల వచ్చింది. తల ముందు పెట్టి పుట్టవలసిన పిల్ల కాళ్లు ముందు పెట్టి పుట్టింది. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తొక్కితే నడుము పట్టు వదిలిపోతుందని ఆ చుట్టుపక్కల అందరికీ నమ్మకం. అందుకే ఆదివారం పొద్దున ఆమె వాకిట్లో ఎవరో ఒకరు నడుం మీద చెయ్యేసుకుని నిలబడి ఉండేవాళ్లు. బిందె ఎత్తబోయి పట్టేసినవాళ్లు, బండి గుంతలో పడి పట్టేసినవాళ్లు, ఏమీ చెయ్యకుండా ఉత్తపుణ్యానికి తుమ్మి పట్టించుకున్నవాళ్లు. హేమావతి చాప పరిచి బోర్లా పడుకోమనేది. ఇంటి దూలానికి ఒకప్పటి ఉయ్యాల తాడు వేలాడుతుంటుంది. కుడికాలు కడుక్కుని, ఆ తాడు పట్టుకుని, నడుం మీద మూడుసార్లు తొక్కేది. దుడ్లు తీసుకునేది కాదు. తీసుకుంటే కాలికి గుణం పోతుందట.

ఆమె పెళ్లి కూడా ఆ కాళ్ల పుణ్యమే. గోరంట్లలో ఆమె పుట్టింటికి పెళ్లిచూపులకు వచ్చిన అత్త కదిరమ్మ పిల్లను పాట పాడమనలేదు, వంట వచ్చా అని అడగలేదు. కాఫీ తాగి, అక్కడే చాప మీద బోర్లా పడుకుని, ఏదీ ఒకసారి తొక్కు పాపా అంది. లేచి నడుము అటూ ఇటూ తిప్పి చూసుకుని, ఇంక మాటలెందుకు, తాంబూలాలు తియ్యండి అనేసింది. పెళ్లికొడుకు మార్కండేయ మూలన కూర్చుని సిగ్గుతో చచ్చిపోయాడు. కదిరమ్మ పోయి ఎన్నో ఏళ్లయింది గానీ ఈ ముచ్చట వీధిలో ఇప్పటికీ నలుగుతూనే ఉంది.

అట్లాంటి హేమావతి ఇంట్లోనే, చూడండి మరి, మొగుడి నడుము పోయింది.

మార్కండేయది గుంట మగ్గం. నేలలో గుంత, గుంతలో కాళ్లు, కాళ్ల కింద తొక్కుడు కర్రలు, ముందుకు వంగిన వీపు. మీసాలు రాకముందు అలా కూర్చున్నవాడు మీసాలు నెరిసినా అలాగే కూర్చున్నాడు. ఒకరోజు పడుగు చుట్టిన పెద్ద దుంగను సాయానికి ఎవరినీ పిలవకుండా ఒక్కడే ఎత్తబోయాడు. ఆయనకు అదొక పౌరుషం. నడుములో ఏదో కలుక్కుమంది. రెండు రోజులకు ఆ నొప్పి పిర్రలోకి, తొడ వెనక్కి, పిక్కలోకి దిగి, చివరికి కుడికాలి బొటనవేలి దాకా జివ్వుమని లాగడం మొదలుపెట్టింది.

ఇంట్లోనే మందు ఉండగా ఊరంతా తిరగడమెందుకని చాప పరిచారు. హేమావతి తొక్కింది. తగ్గలేదు. ఊళ్లోవాళ్లకైతే గట్టిగా తొక్కుతావు, నాకు మాత్రం పూల మీద నడిచినట్టు నడుస్తావు అని ఆయన దెప్పాడు. కట్టుకున్నవాడి వీపు కదా, భయపడుతూనే ఇంకాస్త బరువు వేసింది. ఇంకా గట్టిగా అన్నాడు. చివరికి రెండు కాళ్లతో ఎక్కి నిలబడింది. ఒకటికి పదిసార్లు తొక్కించుకున్నాక నొప్పి తగ్గకపోగా బొటనవేలు మొద్దుబారిపోయింది.

నేతగాడికి కాలివేలు మొద్దుబారడమంటే మాటలు కాదు. కళ్లు అంచు మీద ఉంటాయి, చేతులు పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె మీద ఉంటాయి, గుంతలో ఏం జరుగుతోందో కాలికే తెలియాలి. మార్కండేయ కాలికి ఆ తెలివి పోయింది. ఒక కర్ర తొక్కాననుకుని ఇంకొకటి తొక్కాడు. చీర అంచులో నేత తప్పింది. విప్పి మళ్లీ నేశాడు. మళ్లీ తప్పింది. ఆ సాయంత్రం మగ్గం మీద పాత పంచె కప్పేసి, చేతుల మీద బరువు వేసి గుంతలోంచి లేచి వచ్చాడు. మళ్లీ దిగలేదు.

పెద్దాసుపత్రిలో స్కానింగు తీసి, వెన్నెముకల మధ్య ఉండే మెత్తటి డిస్కు పక్కకు ఉబ్బి నరాన్ని నొక్కుతోందని చెప్పారు. మందులు వాడుతూ కొన్ని వారాలు చూద్దాం, చాలామందికి అలాగే తగ్గుతుంది, తగ్గకపోతేనో, కాలు బలం పోతేనో ఆపరేషన్ అన్నారు. ఆ డాక్టరు చెప్పింది న్యాయమే. మార్కండేయకు మాత్రం ఆపరేషన్ అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ చెవికెక్కలేదు. వెన్ను మీద కత్తి పడనివ్వను, మగ్గం వదలను అని భీష్మించుకుని కూర్చున్నాడు. కూర్చోవడానికీ చేతగాక పడుకున్నాడు. మగ్గం పోతే ఆయన ఏమైపోతాడో హేమావతికి తెలుసు. వేరే పని రాదు, నేర్చుకోమంటే నేర్చుకోడు, ఊరికే ఉండమంటే కుంగి కృశించిపోతాడు. అంతకంటే పెద్ద గుబులు ఇంకొకటి ఆమెను తినేస్తోంది. ఆ డిస్కును కదిపింది తన కాలేనేమో. ఆ మాట ఎవరితోనూ అనలేక లోలోపలే కుమిలిపోయింది. ఆదివారం వచ్చినవాళ్లను ఒంట్లో బాగాలేదని వాకిట్లోంచే పంపేసింది.

చీరలు కొనుక్కుపోయే దేవేంద్ర ఒకరోజు పరామర్శకు వచ్చి, అనంతపురంలో తిప్పేష్ అనే ఆయన ఉన్నాడని చెప్పాడు. కత్తీ సూదీ లేకుండా చేతులతోనే వెన్ను సర్దుతాడట, ఆ వైద్యాన్ని కైరోప్రాక్టిక్ అంటారట. ఆ పేరు నోరు తిరగక మార్కండేయ నడుం డాక్టరు అనుకున్నాడు. చేతులతో సర్దేవాడంటే పహిల్వానులా ఉంటాడని, ఎముకలు టపటపా విరిచేస్తాడని ఊహించుకుని, మన ఎదురుకాళ్ల వైద్యానికి అన్నలాంటిదేలే అని ధైర్యం తెచ్చుకున్నాడు. బస్సులో దారి పొడుగునా ఒక పిర్ర మీదే కూర్చున్నాడు.

తీరా చూస్తే తిప్పేష్ గాలొస్తే ఎగిరిపోయేలా ఉన్నాడు. రాయదుర్గం మనిషి, మాట నెమ్మది. స్కానింగు చూశాడు. మడమల మీద నడిపించాడు, మునివేళ్ల మీద నిలబెట్టాడు. బొటనవేలిని దూదితో తాకి తెలుస్తోందా అని అడిగాడు. తెలియలేదు. మూత్రానికి ఏమైనా ఇబ్బందా అని రెండుసార్లు అడిగాడు. పాదం వేలాడిపోయినా, మూత్రం ఆగినా తన దగ్గరకు రావద్దని, ఆ క్షణమే పెద్దాసుపత్రికి పోవాలని చెప్పాడు. తన చేతికి అందరి నొప్పీ తగ్గదని, కొన్నాళ్లు చూసి మార్పు లేకపోతే తానే సర్జన్ దగ్గరకు పంపిస్తానని కూడా చెప్పాడు. ఆ మాటకు హేమావతికి అతని మీద గురి కుదిరింది. మార్కండేయకు ఉన్న గురి కూడా పోయింది.

వైద్యం చూశాక అసలే పోయింది. నడుము దగ్గర రెండు ముక్కలుగా కదిలే బల్ల ఒకటి ఉంది. దాని మీద బోర్లా పడుకోబెట్టి, ఒక అరచేయి నడుం మీద ఆనించి, కాళ్లున్న సగాన్ని మెల్లగా కిందికి దించాడు, మెల్లగా పైకి తెచ్చాడు. మళ్లీ దించాడు, మళ్లీ తెచ్చాడు. టప్పు లేదు, టక్కు లేదు. పసిబిడ్డను జోకొట్టినట్టుంది. మార్కండేయ తల తిప్పి పెళ్లాం వంక చూసిన చూపులో ఇందుకా ఇంత దూరం వచ్చింది అని రాసి ఉంది.

ఆయన బట్టలు సర్దుకుంటుండగా హేమావతి ధైర్యం చేసి అడిగింది.

"సార్, నేనే తొక్కినా. రెండు కాళ్లతో ఎక్కి తొక్కినా. నా వల్లనే ఇట్లయ్యిందా?"

తిప్పేష్ కుర్చీ ఆమె వైపు జరుపుకుని కూర్చున్నాడు.

"అక్కా, గుంతలో వంగి వంగి ఆ డిస్కు ఎన్నో ఏండ్ల నుంచి అరిగి ఉంటాది. నీ కాలు వల్లనే అని నేను చెప్పలేను, కాదని కూడా చెప్పలేను. ఇంకమీదట మాత్రం ఈయప్పను తొక్కొద్దు. ఎంత బతిమాలినా తొక్కొద్దు."

ఇంటి దగ్గర చెయ్యవలసినవి చెప్పాడు. బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ ఎత్తాలి, వంగి కూర్చోకూడదు, పొద్దునా సాయంత్రం నడవాలి. గడప దాటుతుంటే ఇంకో మాట కూడా అన్నాడు. నొప్పి కాలు వదిలి పైకి ఎక్కి నడుములో చేరితే అది మంచికే, అప్పుడు నడుము ఇంకాస్త ఎక్కువ నొచ్చినా భయపడొద్దు, కిందికి జారితే మాత్రం ఫోన్ చెయ్యండి అన్నాడు. మార్కండేయ చెప్పులు వెతుక్కుంటూ వినలేదు. హేమావతి విన్నది గానీ, కాదని కూడా చెప్పలేను అన్న మాట దగ్గరే ఆమె మనసు ఆగిపోయి ఉంది.

తర్వాత చాలాసార్లు అనంతపురం పోయివచ్చారు. ప్రతిసారీ అదే బల్ల, అదే జోల. ఆయన ఇంటి దగ్గర మోచేతుల మీద లేస్తూ, ఉడుము లేచినట్టుంది నా బతుకు అని తిట్టుకునేవాడు. తిట్టుకుంటూనే లేచేవాడు, అది మెచ్చుకోవాలి. హేమావతి రోజూ పక్కన కూర్చుని ముఖం చూసేది. ముఖంలో ఏ మార్పూ కనపడేది కాదు.

ఒక ఆదివారం పొద్దున ఆయన లేవలేదు. చాప మీద బోర్లా పడి మూలుగుతున్నాడు. నడుములో గునపం దించినట్టుందట, ఎన్నడూ ఇంత నొప్పి లేదట. ఆ నడుం డాక్టరు జోకొట్టి జోకొట్టి ఉన్నది కాస్తా చెడగొట్టాడని మండిపడ్డాడు. ఇంత తిరిగింది ఆపరేషన్ దగ్గరికేనా అనుకుంది హేమావతి. ఫోన్ చేద్దామని లేస్తే ఆయన చీర కొంగు పట్టుకున్నాడు.

"ఫోనూ వద్దు, గీనూ వద్దు. తొక్కు."

ఆమె కుదరదంది. డాక్టరు ఒట్టు పెట్టించుకున్నంత పని చేశాడని గుర్తు చేసింది. ఆయన వినలేదు. నీకు చేతగాకపోతే బాలప్పను పిలిపిస్తానన్నాడు. బాలప్ప గొర్రెల కాపరి, అతనూ ఎదురుకాళ్లతో పుట్టినవాడే, మనిషి మాత్రం ఏనుగు. వాడు తొక్కితే నడుము నేలకు అంటుకుపోతుంది. కోపంగా అన్నవాడే గొంతు మార్చి, దిండులో ముఖం పెట్టుకుని అన్నాడు.

"ఓర్చుకోలేకుండా ఉండానే హేమా. మా అమ్మ నీ కాలు చూసే గదా నిన్ను తెచ్చింది. ఒగసారి తొక్కు, అంతే."

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన బతిమాలడం ఆమె ఎరగదు. బాలప్ప ఎక్కడం కంటే నేనే నయం కదా, మెల్లగా ఆనించి తీసేస్తాను అనుకుంది. కాలు కడుక్కుని వచ్చింది. తాడు పట్టుకుంది. కుడికాలు ఎత్తింది. ఎత్తిన కాలు దించే ముందు, వచ్చినవాళ్లందరినీ ఎప్పుడూ అడిగినట్టే, అలవాటు కొద్దీ అడిగింది.

"నొప్పి యాడ ఉండాది?"

"యాడేమి, నడుములోనే. చెప్తాండా గదా."

"కాల్లో?"

"కాల్లో ఏముండాది? అంతా నడుములోనే కూచోనుండాది, ముండమోపి నొప్పి."

హేమావతి కాలు గాల్లోనే ఆగిపోయింది. ఇన్ని నెలల్లో ఆయన నోట కాల్లో ఏముంది అన్న మాట రావడం ఇదే మొదలు. ఆ రోజు ఈయన చెప్పులు వెతుక్కుంటుంటే తిప్పేష్ అన్న మాట అప్పుడు గుర్తుకొచ్చింది. నొప్పి పైకి ఎక్కితే మంచికే. ఆమె కాలు పక్కకు తెచ్చి నేల మీద పెట్టింది. తాడు వదిలేసింది.

తొక్కవేమే అని ఆయన విసుక్కుంటుంటే, ఉండు వస్తాండా అని మగ్గం దగ్గరకు పోయింది. పంచె కొస ఎత్తి, ఆగిపోయిన నాడెలోని కండె నుంచి మూరెడు పట్టుపోగు తెంపుకుంది. వెంట్రుకంత సన్నపుది. వచ్చి ఆయన పాదాల దగ్గర కూర్చుంది. దిండులో ముఖం పెట్టుకున్న మనిషికి ఏమీ కనపడదు. ఆమె ఆ పోగును కుడికాలి బొటనవేలి మీదుగా మెల్లగా లాగింది.

ఏమీ లేదు. ఆమెకు ఏడుపొచ్చింది. అయినా ఇంకోసారి, వేలి సందులోంచి లాగింది.

"చాపకు చీమలు పట్టినాయి చూడే," అన్నాడు మార్కండేయ చిరాగ్గా. "బొటనేలి మీద ఒగటి పాకతాండాది." వేలు విదిలించుకున్నాడు.

హేమావతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కళ్లలోంచి నీళ్లు ధారగా కారాయి. నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు. కొంగు తీసి చెప్పింది.

"చీమ కాదు. పోగు."

దిండులోంచి మూలుగు ఆగిపోయింది. ఆయన తల తిప్పి చూడలేదు. తొక్కమని మళ్లీ అడగనూ లేదు.

"మల్లా ఒగసారి పెట్టు," అన్నాడు.

ఆమె పెట్టింది.