నమూనా పాదం

ఆ చెప్పుల కార్ఖానాలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ పాదమ్మే. కొత్త రకం జోడు ఏది తయారైనా ముందు ఆమె కాలికి తొడిగేవారు. ఆమె కుర్చీలోంచి లేచి, కిటికీ దాకా నడిచి వచ్చి, మడమ జారుతోందనో, చిటికెన వేలు ఒరుసుకుంటోందనో చెప్పేది. అచ్చుల మేస్త్రి ఆ మాట ప్రకారం చెక్క అచ్చును చెక్కేవాడు, లేదా తోలుముక్క అంటించి పెంచేవాడు. ఆమె ‘ఊఁ’ అన్నాకే కోతబల్ల మీదికి తోలు ఎక్కేది.

తోడికోడలిని ఆ కార్ఖానాలో చేర్పించింది కూడా ఆమే. కింద, పెట్టెలు కట్టే గదిలో పని. పరీక్ష అయిన జోళ్ళను పాదమ్మ ఇంటికి తెచ్చుకుని, మోజు తీరాక తోడికోడలికి ఇచ్చేది. “మన కాళ్ళు ఒక్క అచ్చులో పోసినట్టున్నాయే” అని నవ్వేది కూడా. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే తన నాలుక తనే కోసుకోవాలనిపిస్తోంది.

ఏడాదిగా ఆమెకు ప్రతి జోడూ బిగుతుగా ఉంటోంది. ఆ మాటే చెప్పింది. మేస్త్రి అచ్చులు పెంచుతూ పోయాడు. దుకాణాల నుంచి సరుకు తిరిగి రావడం మొదలైంది. నడుస్తుంటే మడమ బయటికి వచ్చేస్తోందని కొన్నవాళ్ళ గోల. యజమాని కేకలేశాక మేస్త్రి కొలత పలక తెచ్చి ఆమె కాలు దాని మీద పెట్టించాడు.

“పాదమ్మా, నీ కాలు పెరిగింది.”

“మనవల్ని ఎత్తుకునే వయసులో కాళ్ళు పెరుగుతాయా? నీ పలకే అరిగిపోయుంటుంది.”

“ఎముక పెరగలేదులే. దాన్ని బిగించి పట్టుకునే నరాలు సడలాయి. అరికాలు కిందికి దిగింది. దిగితే పొడుగూ సాగుతుంది, వెడల్పూ సాగుతుంది. వయసొస్తే చాలామందికి ఇంతే. నువ్వు బిగుతన్నావు, నేను పెంచాను. ఇద్దరం కలిసి కుర్రపిల్లలందరికీ నీ కాలు తొడిగాం.”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు.

యజమాని ఆడవాళ్ళందరినీ వరసగా పిలిపించి పాత అచ్చు మీద చేసిన జోడు తొడిగించాడు. ఒకరికి పొడవు, ఒకరికి వదులు. తోడికోడలికి మాత్రం అతికినట్టు సరిపోయింది. మర్నాటి నుంచి కిటికీ పక్క కుర్చీ ఆమెది. పాదమ్మకు పెట్టెల గది. ఏకు మేకై కూర్చోవడమంటే ఇదే అనుకుంది.

ఆ సాయంత్రం గుమ్మం దగ్గర తోడికోడలు విడిచిన కొత్త జోడు చూసి మరిది ఊరుకోలేకపోయాడు.

“పోనీలే వదినా, పాదం మన ఇల్లు దాటిపోలేదు. మనిషే మారింది.”

“నీ నోటికీ ఒక అచ్చు చేయించాలయ్యా. బిగుతుగా.”

తోడికోడలు మొగుడివైపు గుడ్లురిమి, పాదమ్మ పక్కన చేరింది. “అక్కా, జోడు చూసేటప్పుడు ఇంకేమన్నా కనిపెట్టుకోవాలా?”

“ఏముందే? తొడుక్కో, నడువు, చెప్పు. దీనికి మళ్ళీ పాఠాలా?”

చెప్పనిది ఒకటుంది. చదునైన నేల మీద జోడు తన తప్పు దాచుకుంటుంది. మెట్లు దిగేటప్పుడు పాదం ముందుకు జారుతుంది. బొటనవేలు కొసకు తగులుతుందో లేదో అప్పుడే తెలుస్తుంది. అందుకే పాదమ్మ ఇన్నేళ్ళూ నీళ్ళ వంకతో వెనక మెట్లు దిగి వచ్చేది. మేస్త్రికి కూడా ఆ సంగతి చెప్పలేదు. ఇప్పుడు దీనికెందుకు చెప్పాలి? నాలుగు జోళ్ళ గురించి తప్పు చెబితే కుర్చీ దానంతటదే ఖాళీ అవుతుంది.

కొత్త నమూనా వచ్చిన రోజు పాదమ్మ పెట్టెలకు మూతలు పెడుతోంది. మెట్ల మీద అడుగుల చప్పుడైంది. తోడికోడలు ఆ జోడుతోనే దిగి వచ్చింది.

“దాహమా?” అంది పాదమ్మ.

“కాదక్కా. నువ్వు రోజూ నీళ్ళకని దిగేదానివి. ఒక్కనాడు గ్లాసు ముట్టుకోలేదు. నేనిక్కడే కూర్చునేదాన్నిగా.” కాలు ముందుకు చాపింది. “వేలు తగులుతున్నట్టుంది. కొత్త కదా, నా మీద నాకే నమ్మకం లేదు. కాస్త నొక్కి చూడు.”

పాదమ్మ వంగి బొటనవేలితో జోడు కొస నొక్కింది. తోలు కింద వెంటనే గోరు తగిలింది. పిసరంత ఖాళీ లేదు.

“దివ్యంగా ఉంది. వెళ్ళి చెప్పు.”

తోడికోడలు ఆమె మొహంలోకి చూసి పైకి వెళ్ళింది. కాసేపటికి పైనుంచి దాని మాటలు పెట్టెల గదిలోకి వినిపించాయి.

“బొటనవేలు కొసకు కొడుతోంది మేస్త్రిగారూ. మెట్లు దిగేటప్పుడు.”

“మెట్లా? అది నీకెవరు నేర్పారు?”

“మా అక్క.”

ఇంతకంటే చెంప మీద కొట్టినా బాగుండేది. కుర్చీ తీసుకుంది, మెట్లు తీసుకుంది, చివరికి మంచితనం కూడా తనే తీసుకుంది. పాదమ్మకు ఒళ్ళు మండిపోయింది.

భోజనాల వేళ తోడికోడలు వచ్చి ఎదురుగా కూర్చుంది. గిన్నె మూత తీస్తూ అంది: “నీ వేలు అబద్ధమాడితే ఆడింది కానీ, నా వేలు ఆడలేదక్కా.”

పాదమ్మ ముద్ద కలిపింది, నోట్లో పెట్టుకోలేదు. నోరు మాత్రం ఆగలేదు.

“గోడ పట్టుకుని దిగావు. చూశాను. గోడ పట్టుకుంటే నీ బరువు గోడ మోస్తుంది, జోడు కాదు. అలా దిగితే సగం తప్పులే తెలుస్తాయి. చేతులు వదిలేసి దిగాలి, మొద్దూ.”

అనేశాక నాలుక కరుచుకుంది.

తోడికోడలు నములుతున్నదల్లా ఆగిపోయింది. “అవునా? అది నాకు తెలీదక్కా.”

ఆ ఒక్క మాటతో పాదమ్మ ముద్ద నోట్లో పెట్టుకుంది. దానికి తెలియనిది ఇంకా ఉంది. నెమ్మదిగా, రుచి చూస్తూ, గిన్నె ఖాళీ అయ్యేదాకా తింది.