నీటిబూజులో కరెంటు

ప్రయోగశాలలో అందరూ ఆవిడను అక్క అనేవారు. పద్నాలుగేళ్లుగా ఆవిడ నీటిబూజు పెంచుతోంది. నీళ్లలో దూదిలా తేలే ఆ బూజులో ప్రతి పోగుకూ కొసన సన్నటి కరెంటు లోపలికి వెళ్తుంది, కాస్త వెనక బయటికొస్తుంది. పోగు పక్కన సన్నటి సూదిని కంపింపజేస్తూ దాన్ని కొలవడం ఒక్క ఆవిడకే చేతనయ్యేది, పిచ్చుక వచ్చేదాకా.

సన్నగా, చురుగ్గా ఉంటుందని ఆ కొత్తమ్మాయికి అందరూ పెట్టిన పేరది. సూది పట్టడం నేర్పింది అక్కే. ఆరు నెలలు తిరక్కుండానే ఆ పిల్ల ఓ సంగతి చూపించింది. పోగు పక్కన ఎక్కడ కరెంటు లోపలికి దిగితే, కాసేపటికి అక్కడే కొత్త కొమ్మ మొలుస్తోంది.

"అయితే బూజును పెంచేది కరెంటేనన్నమాట," అని ప్రొఫెసరుగారు మురిసిపోయారు.

అక్క కూడా నవ్వింది గానీ లోలోపల అసూయతో రగిలిపోయింది. ఇన్నేళ్లూ అదే సూది, అదే బూజు. తన కంటికెందుకు ఆనలేదు?

మర్నాడు బయటినుంచి వచ్చే పెద్దల ముందు పిచ్చుక అది చేసి చూపాలి. బూజుకు ఆహారంగా పోసే ద్రావణం కలిపేది అక్క. అందులో వేయాల్సిన మెథియోనిన్ అనే పోషకం పొడి సీసాను చేతిలోకి తీసుకుంది. మూత తీయకుండానే అలమరలో పెట్టేసింది. బూజు నీరసపడి, పిల్ల నలుగురిలో తెల్లమొహం వేస్తుందని ఆశ.

మర్నాడు తెర మీద కరెంటును చూపే గీత కదల్లేదు. పిచ్చుక సూదిని మూడుసార్లు సర్దింది. ఎవరో దగ్గారు. గోడవారన నిలబడ్డ అక్కకు ప్రాణం హాయిగా ఉంది.

ఇంతలో ఆ పిల్ల సూక్ష్మదర్శిని మీంచి తలెత్తింది. "సార్, కరెంటు లేదు. కానీ పోగు ఎప్పట్లాగే పెరుగుతోంది." ఇటు తిరిగింది. "అక్కా, ఇవాళ ద్రావణంలో ఏమైనా మారిందా?"

'లేదు' అనేస్తే ఆ పూటకి గండం గడిచేది. అక్క గోడవార నుంచి ఒక అడుగు ముందుకేసింది. "మెథియోనిన్ వేయలేదు."

"మర్చిపోయారా?"

"లేదు. కావాలనే."

పిచ్చుక పుస్తకం తెరిచి, మెథియోనిన్ లేదని రాసుకుంది.

తరవాత మూడు వారాలు ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని కొలిచారు. పొడి వేస్తే కరెంటు వచ్చేది, వేయకపోతే పోయేది. పెరగడం మాత్రం ఆగలేదు. ఆ కరెంటు ఆహారాన్ని లోపలికి లాక్కోవడానికేనని, పెరుగుదలకు మూలం కాదని తేలింది.

ఆ ఫలితాలతో రాసిన వ్యాసంలోంచి తన పేరు తీసేయమంది అక్క.

"ఉండనివ్వండి. పొడి వేయనిది మీరేగా," అంది పిచ్చుక, ఆవిడ వైపు చూడకుండా.

వ్యాసం అచ్చయి వచ్చింది. ముందు పిచ్చుక పేరు, తరవాత తనది. అక్క చూపు మొదటి పేరు దాటి కిందికి దిగడానికి చాలాసేపు పట్టింది.