గాలిగొట్టంలో మట్టి

కాళియమ్మ ఆ మాట చెప్పడం అది పదకొండోసారి. లెక్కపెట్టకుండా ఉందామనుకున్నా కిశోర్‌కుమార్ వల్ల కాలేదు.

"ఆకాశంలో ఇంజిన్ ఆగిపోయినాదంట. మావోడు అమ్మా అని అరిసినాడంట. అల్లుడు మాత్రం ఇంట్లో కుర్సీలో కూసున్నట్టు కూసుని, ఒక్కొక్కటీ సెప్పుకుంటా కిందికి దించినాడు. అల్లుడేటి, దేవుడు లా!"

మలయ్ వాళ్ల నుంచి అంటుకున్న ఆ 'లా' ఇక్కడ అందరి మాటల చివరా ఉంటుంది. పలకరించడానికి వచ్చిన చుట్టాలందరూ అతని వైపు తిరిగారు. అత్తగారు అతని పళ్లెంలో మరో గరిటె కేసరి వేసింది. నెయ్యి వేళ్లకు జిడ్డుగా అంటుకుంది. మింగాడు. పన్నెండు రోజులుగా ప్రతి పొగడ్తా అలాగే గొంతు దిగుతోంది, తియ్యగా, గోరువెచ్చగా, ఎవరో నమిలి పెట్టినట్టు.

ఎదురుగా సోఫాలో తివ్యన్ తొడ దాకా సిమెంటు కట్టుతో పడుకుని ఉన్నాడు. కిశోర్‌కుమార్ భార్యకు తమ్ముడు. బంటింగ్‌లో గేట్లు, గ్రిల్లులు చేసే వెల్డింగ్ షాపు అతనిది. ఆరేళ్లు, ప్రతి ఆదివారం, బావా బావమరుదులిద్దరూ కలిసి రెండు సీట్ల చిన్న విమానం కట్టారు. చట్రం, పెట్రోలు ట్యాంకు తివ్యన్ చేశాడు. ఇంజిను, వైర్లు కిశోర్‌కుమార్ బిగించాడు. అతను గ్లవ్స్ ఫ్యాక్టరీలో మెషీన్లు బాగుచేసే ఫిట్టరు. నడపడం నేర్చుకున్నది కూడా అతనొక్కడే.

చుట్టాలు వెళ్లాక తివ్యన్ గొంతు తగ్గించాడు. "బావా, పెట్రోలు ఫిల్టరు కాడ క్లిప్పు నానే గదా బిగించినాను. వదులైపోయుంటాది. నా సెయ్యి మీద నాకే నమ్మకం పోయినాది. ఇంక వెల్డింగ్ టార్చి పట్టను. షాపు ఎవుడికైనా ఇచ్చేస్తాను."

"ఏటా మాటలు?"

"సోమారం ఫ్లయింగ్ క్లబ్బోడు వచ్చి రిపోర్టు రాస్తాడు గదా. ఈలోపు నా తప్పు నానే సూడాలి. రేపు నన్ను షెడ్డుకి తీసుకెళ్లు."

కిశోర్‌కుమార్ తలూపాడు. ఆ చేతి మీద నమ్మకాన్ని అతనికి తిరిగి ఇచ్చేయడానికి ఒక్క వాక్యం చాలు. అది పన్నెండు రోజులుగా నోట్లో పడ్డ వెంట్రుకలా నాలుకకు చుట్టుకుని ఉంది. బయటికి లాగలేడు, మింగలేడు.

*

ట్యాంకు సీట్ల వెనకే ఉంటుంది. పెట్రోలు ఖాళీ అయ్యేకొద్దీ లోపలికి గాలి రావాలి. అందుకోసం వేలెడు లావు గొట్టం ఒకటి ట్యాంకులోంచి విమానం పొట్ట కిందికి దిగుతుంది. అది మూసుకుపోతే ట్యాంకుకు ఊపిరి ఆడదు, ఇంజినుకు పెట్రోలు అందదు.

విమానం పడిపోవడానికి మూడు రోజుల ముందు ఆ గొట్టం మూతికి అంటిన మట్టిగూటిని మొదట చూసింది తివ్యన్ భార్య శర్మిళ. టీ ఫ్లాస్కు తెచ్చి, కింద కూర్చుని పైకి చూసింది.

"అన్నయ్యా, ఇక్కడ కుమ్మరిపురుగు ఇల్లు కట్టినాది! తియ్యకండి లా. అది ఇల్లు కడితే ఇంట్లో బిడ్డ పుడతాదని మా అమ్మమ్మ సెప్పేది."

పెళ్లయి తొమ్మిదేళ్లు. ఆమె తిరగని ఆస్పత్రి లేదు. ఆ ముఖంలో ఒక్కసారిగా వెలిగిన ఆశను చూడగానే కిశోర్‌కుమార్‌కు ఒళ్లు జలదరించింది. జాలి కాదది. ఎవరో హఠాత్తుగా తన ముందు బట్టలు విప్పినట్టు అనిపించింది. "సరేలే," అన్నాడు, ఆమె అటు తిరిగితే చాలునని.

ఆదివారం పొద్దున ఎగరబోయే ముందు చూసుకోవలసిన వాటి చీటీ అతని చేతిలో ఉంది. ఆరో వరస: గాలిగొట్టం. జేబులో ఇనపతీగ ఉంది. రెండుసార్లు పొడిస్తే పోయే మట్టి. కానీ శర్మిళ కర్పూరం పళ్లెంతో అక్కడే నిలబడి, అతని చేతినే చూస్తోంది. గాలికి ఎక్కడో సందు ఉండే ఉంటుంది అనుకున్నాడు. ఆరో వరసలో టిక్కు పెట్టాడు.

తర్వాత దానికి మొహమాటం అని పేరు పెట్టుకున్నాడు. మెత్తటి మాట. ఇంటిల్లిపాదీ క్షమించేసే మాట. దాని కింద ఉన్నది మాత్రం మెత్తనిది కాదు. ఒక ఆడమనిషి కళ్లను ఒక్క నిమిషం భరించలేక, ఆమె మొగుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని గాలిలోకి లేచాడు.

ఏడువందల అడుగుల ఎత్తున ఇంజిను ఒకసారి దగ్గింది. ఆ దగ్గుతోనే అతనికి తెలిసింది. ఆలోచనగా కాదు, తడిమట్టి వాసనలా. తర్వాత ఆగిపోయింది. రెక్కల కింద గాలి చప్పుడు ఒక్కటే మిగిలింది.

"ముక్కు కిందికి," అన్నాడు పైకే. "స్పీడు యాభై అయిదు. గాలి సముద్రం వైపు నుంచి."

కిందంతా ఆయిల్‌పామ్ తోట, పైనుంచి చూస్తే మెత్తటి పరుపు. అందులో దిగితే మట్టలు రెక్కలను చీల్చేస్తాయని, మనుషులు చెట్ల నడితలలో ఇరుక్కుంటారని అతనికి తెలుసు. ఎడమవైపు ముసలి చెట్లు కొట్టేసి, కొత్త మొక్కలు నాటిన బ్లాకు కనబడింది.

"అక్కడ దిగుదాం. పంపు వేసెయ్. స్టార్టరు. మళ్లీ. సరే, వదిలెయ్. స్విచ్చులు కట్టెయ్. బెల్టు బిగించు. తలుపు గడియ తీసి ఉంచు."

తివ్యన్ ఒక్కొక్కటీ చేశాడు. బావ గొంతు వణకలేదని తర్వాత ఊరంతా చెప్పాడు. నిజమే. అడుగున ఒక మాటను తొక్కిపట్టి ఉంచినందువల్లే పై మాటలు అంత స్థిరంగా వచ్చాయి. 'వెనక్కి చెయ్యి పెట్టి ట్యాంకు మూత తిప్పు.' తివ్యన్ మెడ వెనకే ఉంది ఆ మూత. తిప్పితే ట్యాంకులోకి గాలి వచ్చేది, ఇంజిను మళ్లీ అందుకునేదేమో. కానీ 'ఎందుకు' అని తివ్యన్ అడిగేవాడు. నేలమీద పడడానికి నిమిషన్నర ఉండగా, చావు కంటే ముందు సిగ్గు వచ్చి కూర్చుంది.

చక్రాలు నేలను తాకి నలభై అడుగులు బాగానే పరుగెత్తాయి. నేలంతా అల్లుకున్న తీగల కింద కనబడని మురుగుకాలవలో ముందుచక్రం పడింది. తివ్యన్ వైపు నుజ్జయింది. కుళ్లిన దుంగల కుప్ప మీదికి ఒరిగి ఆగారు. ఆ కుళ్లులోంచి బొటనవేలంత తెల్లటి పురుగులు రాలి తివ్యన్ చొక్కా మీద పాకుతుంటే, వాడు కాలి నొప్పితో మూలుగుతూనే, "బావా, నువ్వు బతికించినావు," అన్నాడు.

కిశోర్‌కుమార్ పక్కకు వంగి వాంతి చేసుకున్నాడు. అందరూ దాన్ని షాకు అన్నారు.

*

శనివారం పొద్దున షెడ్డులో కిశోర్‌కుమార్ విమానం మీది నీలం టార్పాలిను తీశాడు. రాత్రి వానకు వాకిలంతా బురద. తివ్యన్ ఊతకర్ర గోడకు ఆనించి, స్టూలు మీద కూర్చుని, విరిగిన తలుపులోంచి చెయ్యి లోపలికి పెట్టాడు. ఫిల్టరు క్లిప్పును తడిమాడు. లాగాడు. మళ్లీ లాగాడు.

"బావా, ఇది గట్టిగానే ఉన్నాది."

కిశోర్‌కుమార్ టార్పాలిను మడవసాగాడు.

తివ్యన్ చెయ్యి అక్కడినుంచి ట్యాంకు మీదికి పోయింది. తను సాఫుగా కొట్టి, తను అతికిన అల్యూమినియం రేకు. అరచేయి ఒకచోట ఆగింది. రేకు లోపలికి పీక్కుపోయి ఉంది, ముసలివాడి దవడలా.

"నాను ఇలా సెయ్యనేదు." అరచేతితో మళ్లీ నిమిరాడు. "దెబ్బ తగిలి పడిన సొట్ట కాదిది, గీత నేదు. లోపలికి పీల్చుకున్నాది. గాలి అందనేదు." తలెత్తాడు. "బావా, ఆ రోజు గొట్టం సూసినావా?"

'సూసినాను, బాగానే ఉంది' అంటే అయిపోయేది. వాడు నమ్మేవాడు. కిశోర్‌కుమార్ నోరు తెరిచాడు. పదమూడు రోజులుగా కూర్చి దిద్దుకున్న వాక్యం కాదు, బయటికి వచ్చింది వేరేది.

"శర్మిళ తియ్యొద్దన్నాది."

తన గొంతు తన చెవికే జిగటగా తగిలింది. నిజం చెప్పడానికి నోరు తెరిస్తే ముందుగా తోసుకొచ్చింది ఇదా? ఒప్పుకోలులో కూడా ముందు ఇంకొకరిని నిలబెట్టి తను వెనక దాక్కున్నాడు.

తివ్యన్ రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. "దేన్ని?"

కిశోర్‌కుమార్ కింద దూరి తీగతో గొట్టం పొడిచాడు. మట్టి పెళ్లలుగా రాలింది. దాంతోపాటు పిల్లకు మేతగా దాచిన, ఎండిపోయిన ఆకుపచ్చ పురుగులు నాలుగు, ఒక తెల్లటి పిల్లపురుగు. పెట్రోలు ఆవిరికి అది ఎప్పుడో చచ్చిపోయింది. అన్నిటినీ అరచేతిలో పట్టుకొచ్చి చూపించాడు.

"కుమ్మరిపురుగు ఇల్లు. సూసినాను. తియ్యనేదు. తీసినట్టు టిక్కు పెట్టినాను."

తివ్యన్ ఆ తెల్లటి పురుగును చాలాసేపు చూశాడు. దాన్ని రెండు వేళ్లతో తీసి, స్టూలు పక్క తడిమట్టిలో గుచ్చి, పైన మట్టి కప్పాడు. "ఇది శర్మిళకి సూపించకు. ఆమె పేరు ఎక్కడా ఎత్తకు. ఇంట్లో గానీ, ఆ రిపోర్టులో గానీ."

"ఎత్తను. నా పేరే రాస్తాను."

"సరే. తప్పు ఎవుడికైనా జరుగుతాది." గొంతులో అప్పటికే మన్నింపు మొదలైంది. ఆ క్షణంలో ఆగిపోవచ్చు. పొగడ్తలాగే ఈ మన్నింపూ గోరువెచ్చగా నోటి దాకా వచ్చేసింది. కిశోర్‌కుమార్ ఈసారి మింగలేదు.

"అది కాదు తివ్యా. పైన, ఇంజిన్ ఆగినప్పుడే నాకు తెలుసు."

"ఏటి?"

"గొట్టమేనని. మూత తిప్పమని సెప్పుంటే..."

తివ్యన్ చెయ్యి, తనకు తెలియకుండానే, మెడ వెనక్కి పోయింది. అక్కడ గాలిలో మూత ఉండే చోట వేళ్లు అర చుట్టు తిరిగి ఆగాయి.

"ఇక్కడే గదా బావా."

"అవును."

"రెండు సెకన్లు."

"అవును."

"బెల్టు బిగించమన్నావు. తలుపు తియ్యమన్నావు. అన్నీ సెప్పినావు." తివ్యన్ నవ్వబోయాడు, పెదవి ఒక పక్కకే పోయింది. "నాను వచ్చినోడికల్లా, మా బావ, మా బావ అని..." మిగతాది అనలేదు. తల పక్కకు తిప్పి బురదలో ఉమ్మాడు.

ఊతకర్ర అందుకుని లేచాడు. రెండడుగులు వేశాడు. కర్ర వాకిలి బురదలో జానెడు లోతు దిగబడింది. లాగితే రాలేదు. కారు ఇంకా ఇరవై గజాల దూరంలో ఉంది. చుట్టుపక్కల ఎవరూ లేరు.

కిశోర్‌కుమార్ వెళ్లి పక్కన నిలబడి భుజం వంచాడు. తివ్యన్ కాసేపు దాన్ని చూసి, గత్యంతరం లేక చెయ్యి వేశాడు. బరువంతా మోపాడు. ముఖం మాత్రం వీలైనంత దూరంగా అటు తిప్పుకున్నాడు, కుళ్లిన దుంగ పక్కనుంచి పోయేవాడిలా ఊపిరి బిగబట్టి. అలాగే ఇద్దరూ ఒక్కో అడుగే వేస్తూ కారు దాకా నడిచారు.